నీలం మీద పసుపు

బోర్డులు రాయడం నా వృత్తి.
స్కెగ్నెస్ సముద్రపు ఒడ్డున
ఐస్‌క్రీమ్ బండ్ల మీద, చేపలు వేయించే కొట్ల మీద,
గాడిద సవారీ ధరల పలక మీద
ముప్పయ్యేళ్లుగా నా అక్షరాలే.
ఏడాదికోసారి ఉప్పుగాలి వాటిని తినేస్తుంది.
అదే నా పింఛను.

రేసు కార్లకి నంబర్లు రాయడం మాత్రం
వ్యసనం.

బ్రయొనీ మార్ఫ్లీట్ మొదటిసారి వచ్చినప్పుడు
పదిహేడేళ్లు. గోళ్లలో మట్టి.
పగలు ప్యాకింగ్ షెడ్డులో బంగాళాదుంపలు ఏరేది,
రాత్రి తుక్కు యార్డులో
మేనమామ వెల్డింగు చేస్తుంటే టార్చి పట్టేది.
కారు అనడానికి అందులో కారేం లేదు:
ఇనప గొట్టాలు, ఎవరో పారేసిన ఇంజను,
పొలం గేటంత బంపరు.
"నాలుగువందల పదిహేడు" అంది,
కూలికి బదులు ఓ బస్తా దుంపలు దించింది.

వెనకాల నల్లటి ఇంటూ గుర్తు వేశాను.
కొత్తవాళ్లకి తప్పదు.
'దీనికింకా ఏమీ రాదు, చూసుకోండి' అని
మిగతావాళ్లకి చెప్పే గుర్తు.
రెండు శనివారాలు అందరి వెనకా బయల్దేరి
అందరి వెనకే వచ్చింది.
మూడో శనివారం రానేలేదు.
ఊడిన చక్రం ఎటు దొర్లిందో వెతుక్కుంటూ
గోడ పక్కన నిలబడింది.

ఇక్కడ తోసుకోవడం నేరం కాదు.
మలుపులో వెనకనుంచి వచ్చి
బంపరుతో అడుగుతారు, దారి ఇస్తావా అని.
జవాబు ఆలోచించేలోగా కంచెలో ఉంటావు.
రేసయ్యాక ఆ మనిషే స్పానరు పట్టుకొస్తాడు.
సెడ్రిక్ ఔట్రమ్ అలాగే వచ్చాడు.
వంగిన ఇరుసు కింద బోర్లా పడుకుని
"బ్రేకు ముందే తొక్కావు పిల్లా" అన్నాడు.
సారీ మాత్రం చెప్పలేదు.

పైకప్పు సంగతి చెప్పలేదు కదూ.
తెల్లకప్పు వాళ్లు ముందు వరస.
కాస్త చెయ్యి తిరిగితే పసుపు, ఇంకాస్తకి నీలం,
అందరి వెనకా ఎరుపు, ఔట్రమ్ లాంటి వాళ్లు.
గెలిచేకొద్దీ వెనక్కి నెట్టే ఆట.
మా ఆవిడకి ఇది ఎన్నిసార్లు చెప్పినా
"అయితే ఎందుకు గెలవడం?" అంటుంది.

ఇంటూ గుర్తు చెరిపి తెలుపు వేశాను.
జూన్‌లో పసుపు.
ఆ రోజు సముద్రం మీంచి గాలి,
తడి రంగులో ఇసుక అంటుకుంది.
గీకేస్తానంటే
"ఉండనీ, నాలుగు రేణువులు మొయ్యలేనా" అంది.

ఆగస్టులో ఒక్క రేసు గెలిచింది.
ముందున్న ముగ్గురూ ఒకర్నొకరు కరుచుకుని ఆగిపోతే
పొగలోంచి తనొక్కతే బయటికొచ్చింది.
వచ్చిన డబ్బు అరటైరుకి సరిపోయింది.
కప్పు కోడిగుడ్డు పట్టేంత;
మర్నాడు నిజంగానే
ఉడికిన గుడ్డు అందులో పెట్టుకు తిన్నానంది.
నీలం వేశాను. నా చేతిమీద పోసిన ఆ నీలం
వారం దాకా వదల్లేదు.

తర్వాత ఇంజను పొగ.
కొనడానికి దుంపలు చాలలేదు.
మూడు శనివారాలు ట్రాక్ బయట
గేటు టిక్కెట్లు చింపింది.
అక్టోబరు జాబితాలో పేరు కిందికి జారింది.

వానలో ట్రెయిలర్ మీద కారు తెచ్చి
"పసుపు వెయ్యండి" అంది, నా ముఖం చూడకుండా.

నీలం మీద పసుపు నిలవదమ్మా,
పాచిపట్టినట్టు పచ్చగా తేలుతుంది.
ముందు తెలుపు పూయాలి.

"మళ్లీ తెలుపా?"

అడుగుపూతే.

"ఎంతసేపు ఆరాలి?"

ఈ చెమ్మకి, రాత్రంతా.

చిప్స్ పొట్లం సగం నాకిచ్చింది.
తెలుపు పూర్తయ్యాక
చొక్కాకి రంగు అంటకుండా ఒంగి
కారులో దూరి కూర్చుంది.
ఇంజను లేదు దాంట్లో, విప్పి
మేనమామ బల్లమీద ఉంది.
లైటు ఆర్పబోతే "ఉండనివ్వండి" అంది.

నేను అటు తిరిగి కుంచెలు కడుగుతున్నాను.
కాసేపటికి వెనకనుంచి
గేరు మార్చిన చప్పుడు.
మరికాసేపటికి,
ఇంకోటి.